బీ టూ బీ సెట్: డీజేలు ఇద్దరు, బేస్ మాత్రం ఒక్కటే

ఈమధ్య నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఒక డీజే చేసే పనికి ఇద్దరెందుకు?" అని.

ప్రశ్న న్యాయమైనదే. ఫోన్‌లో ఒక క్లిప్ వస్తుంది. చీకటి గది, ఎర్ర లైటు, టేబుల్ వెనకాల ఇద్దరు. ఒకడు ఏవో నాబ్‌లు తిప్పుతుంటే రెండోవాడు తల ఊపుతూ నిలబడతాడు. రెండు మూడు నిమిషాలయ్యాక చోట్లు మారతారు. చూసేవాళ్లకి కాల్ సెంటర్‌లో షిఫ్ట్ మారినట్టు ఉంటుంది.

దీన్ని బ్యాక్ టు బ్యాక్ సెట్ అంటారు. పోస్టర్ మీద ఇద్దరి పేర్ల మధ్య బీ టూ బీ అని వేస్తారు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. అయితే అన్ని రకాల మ్యూజిక్ జోలికి పోను. బేస్ మీదే నిలబడే క్లబ్ మ్యూజిక్, అందులోనూ లండన్ డబ్‌స్టెప్‌ని పట్టుకుని చెప్తా. ఎందుకంటే ఇద్దరు కలిసి వాయించడం అక్కడ మామూలు కన్నా చాలా కష్టం. ఆ కష్టం మీ ఫోన్ స్పీకర్‌లో వినబడదు. ఏదో మాటవరసకి అనట్లేదు, నిజంగానే వినబడదు. ఎందుకో కాసేపట్లో చెప్తా.

ముందు ఒక చిన్న గందరగోళం క్లియర్ చేద్దాం. మన ఊళ్లలో "పెళ్లికి డీజే పెట్టారు" అంటే మనిషి గుర్తుకురాడు. బండి మీద ఎక్కించిన బాక్సులు గుర్తొస్తాయి. బరాత్‌లో డీజే అంటే బాక్సులే. ఈ ఎపిసోడ్‌లో మాత్రం డీజే అంటే పాటలు ఎంచుకుని, ఒకదాని లోంచి ఇంకొకదాని లోకి తీసుకెళ్లే మనిషి. బాక్సుల్ని సౌండ్ సిస్టమ్ అని పిలుద్దాం.

మామూలు సెట్‌లో డీజే ఒక్కడే ఉంటాడు. ఇప్పుడు మోగుతున్న పాటా తనదే, తర్వాత రాబోయే పాటా తనదే. రెండూ తనకి బాగా తెలుసు. బీ టూ బీలో ఒకరు ఒక పాట వేస్తే తర్వాతది రెండోవారు వేస్తారు. కొందరు రెండేసి పాటలు చొప్పున వెళ్తారు. వినడానికి చిన్న మార్పే. కానీ ఇద్దరూ ఒక్కో పాట చొప్పున వెళ్తున్నప్పుడు ఏమవుతుందో చూడండి. ప్రతి జాయింట్‌లోనూ ఒక పాట నీది, ఇంకో పాట ఎదుటివాడిది. అంటే సెట్ మొత్తంలో నువ్వు చేసే ప్రతి మిక్స్, సగం వేరేవాళ్ల మెటీరియల్‌తో చేస్తున్నావన్నమాట. ఆఫీసులో ఇంకొకరు రాసిన కోడ్ మధ్యలో నీ కోడ్ పెట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇక్కడ రివ్యూకి టైమ్ ఉండదు, ప్రొడక్షన్‌లోకి డైరెక్ట్‌గా వెళ్లిపోతుంది.

కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం చూసినవాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది. మృదంగం ఒక చుట్టు వాయిస్తుంది, ఘటం అందుకుంటుంది. పోనుపోను ఆ చుట్లు కురచగా అయిపోతాయి. చివర్లో ఇద్దరూ కలిసి ముగిస్తారు. తాళం మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే. బీ టూ బీలో ఆ తాళం పని టెంపో చేస్తుంది. మంచి జంట అయితే వీళ్లు కూడా సెట్ చివరికి వచ్చేసరికి తొందర తొందరగా ఒకరి పాట మీద ఒకరు వేసుకుంటారు.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. మృదంగం, ఘటం ఒకేసారి మోగితే అందం. రెండు పాటల సబ్ బేస్‌లు ఒకేసారి మోగితే గది మొత్తం బురద.

ఎందుకో లెక్క చూద్దాం. భయపడకండి, ఇంటర్ ఫిజిక్సే. డబ్‌స్టెప్‌లో అసలు సరుకు దాదాపు 40 నుంచి 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఒక పాట బేస్ సుమారు 44 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి, అది ఎఫ్ నోట్. ఇంకో పాట బేస్ దాని పక్క నోట్, అంటే సుమారు 46 హెర్ట్జ్ దగ్గర ఉంది. రెండూ కలిస్తే ఆ తేడా ఎంతుందో సెకనుకి అన్నిసార్లు సౌండ్ పెరిగి తగ్గుతుంది. అంటే సెకనుకి రెండున్నర సార్లు వా... వా... వా అని ఊగుతుంది. ట్యూనింగ్ ఫోర్కులు పెట్టి బీట్స్ అని చదువుకున్నాం కదా, అదే. ల్యాబ్‌లో మార్కులొచ్చాయి, క్లబ్‌లో మాత్రం జనం మొహాలు మాడిపోతాయి. ఎందుకంటే ఆ ఊపుకీ పాట లయకీ సంబంధం ఉండదు.

పోనీ రెండు పాటలూ ఒకే నోట్‌లో ఉంటే? అప్పుడు ఫేజ్ గొడవ. రెండు తరంగాల శిఖరాలు కలిసిపోతే బేస్ 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. ఆంప్లిఫయర్ తట్టుకోలేక లిమిటర్ రంగంలోకి దిగి మొత్తం సౌండ్‌ని నొక్కేస్తుంది. ఒకదాని శిఖరం మీద ఇంకోదాని లోయ పడితే బేస్ మాయమైపోతుంది. ఏది జరుగుతుందో ఆ క్షణం దాకా తెలియదు. దీనికి తోడు 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. చిన్న క్లబ్ గది వెడల్పు ఇంచుమించు అంతే ఉండొచ్చు. కాబట్టి గోడ దగ్గర ఉన్నవాడికి ఒకలా, మధ్యలో ఉన్నవాడికి ఇంకోలా వినిపిస్తుంది.

కోడింగ్ చేసేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. బేస్ అనేది మ్యూటెక్స్ లాక్. ఒక టైమ్‌లో ఒక్క థ్రెడ్ దగ్గరే ఉండాలి.

మరి చేతులు మారేది ఎలా? మిక్సర్ మీద ప్రతి ఛానల్‌కీ లో, మిడ్, హై అని మూడు నాబ్‌లు ఉంటాయి. కొత్త పాటని లోపలికి తెచ్చేటప్పుడు దాని లో నాబ్ ముందే పూర్తిగా తగ్గించి పెడతారు. పైనున్న హైహ్యాట్లు, స్నేర్, గొంతుల ముక్కలు మాత్రం పాత పాటతో కలుస్తాయి. జనానికి ఏదో మారుతోందని తెలుస్తుంది, ఏంటో తెలియదు. సరైన బార్ రాగానే పాత పాట లో నాబ్ కిందికి, కొత్త పాట లో నాబ్ పైకి. రెండు చేతులూ ఒకేసారి.

నా దృష్టిలో ఈ ఫార్మాట్ మొత్తం ఆ క్షణం దగ్గరే ఉంది. నేను తగ్గిస్తున్నది నా ఫ్రెండ్ పాట బేస్. వాడు ఏరికోరి వేసిన పాట, జనం ఇప్పటికే ఊగిపోతున్న పాట. తొందరపడి తీసేస్తే వాడి పాటని సగంలో ఆపేసినట్టు. ఆలస్యం చేస్తే నా పాట డ్రాప్ చప్పగా పడుతుంది. ఎవరి పాట గెలవాలని చూసుకుంటే ఇద్దరి పాటలూ పోతాయి. చాలాసార్లు పాత పాట వేసినవాడే తన లో నాబ్ తనే తగ్గించి పక్కకి జరుగుతాడు. క్లిప్‌లో అది ఒక్క సెకను, ఎవరూ గమనించరు. ఇకనుంచి గమనించండి.

ఇక టైమ్ సంగతి. డబ్‌స్టెప్ టెంపో దాదాపు 140 బీపీఎం. కానీ స్నేర్ మూడో బీట్ మీద పడుతుంది కాబట్టి ఒంటికి 70లా, నెమ్మదిగా అనిపిస్తుంది. 140 దగ్గర ఒక బీట్‌కి 0.43 సెకన్లు. నాలుగు బీట్ల బార్‌కి 1.7 సెకన్లు. 32 బార్లకి 55 సెకన్లు. ఎదుటివాడి పాట డ్రాప్ అయ్యాక 32 బార్లకి మార్చాలనుకుంటే, నీకున్నది నిమిషం కన్నా తక్కువ. ఆ టైమ్‌లో వాడి పాట మూడ్ అర్థం చేసుకోవాలి, నీ బ్యాగ్‌లో దానికి జవాబు వెతకాలి, హెడ్‌ఫోన్‌లో టెంపో కలపాలి, బేస్ నోట్లు కొట్టుకోకుండా చూసుకోవాలి. నేనూ ఒక ఫ్రెండూ చవక కంట్రోలర్ కొనుక్కుని రూమ్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లం. అప్పుడు తెలిసింది నాకు, 55 సెకన్లు అంటే ఎంత తక్కువో. స్టాండప్ మీటింగ్‌లో మాత్రం అవే 55 సెకన్లు గడవవు.

సరే, ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? కొంచెం వెనక్కి వెళ్దాం. 1950ల్లో జమైకాలోని కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్ బాక్సులు పెట్టి పాటలు వేసేవాళ్లు. అవే సౌండ్ సిస్టమ్‌లు. ఇద్దరు సిస్టమ్ ఓనర్లు ఒకే చోట పోటీకి దిగితే సౌండ్ క్లాష్. మనకి గొడవ ఏదంటే, ఎవరి దగ్గర ఎవరి దగ్గరా లేని పాట ఉందనేదే. 1970ల మొదట్లో కింగ్ టబ్బీ అనే ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ మిక్సింగ్ డెస్క్ మీద పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్స్, బేస్ ముందుకు తెచ్చి, ఎకో కలిపి కొత్త వెర్షన్లు చేశాడు. దాన్నే డబ్ అన్నారు. 1948లో విండ్‌రష్ ఓడ వచ్చినప్పటి నుంచి కరీబియన్ దీవుల జనం బ్రిటన్‌కి వలస వెళ్తూనే ఉన్నారు. వాళ్లతో పాటు సౌండ్ సిస్టమ్ కూడా లండన్ చేరింది.

2000 తర్వాత దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్ సీన్‌లోకి వస్తుంది. అక్కడ సర్రే స్ట్రీట్ అనే మార్కెట్ వీధిలో బిగ్ ఆపిల్ రికార్డ్స్ అని ఒక షాపు. హ్యాచా అక్కడ పనిచేసేవాడు. స్క్రీమ్, బెంగా అప్పటికి టీనేజ్ కుర్రాళ్లు. స్క్రీమ్ ట్రాక్‌లు చేసింది ఫ్రూటీలూప్స్‌లో. మనలో చాలామంది హాస్టల్‌లో క్రాక్ వెర్షన్ వేసుకుని రెండు రోజులాడి వదిలేసిన సాఫ్ట్‌వేర్ అదే. 2005లో వచ్చిన "మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్" ఆ కుర్రాడిదే.

వీళ్ల మ్యూజిక్ మోగిన ముఖ్యమైన చోట్లు రెండు. ఒకటి షోర్‌డిచ్‌లో ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న బేస్‌మెంట్ క్లబ్. అక్కడ ఫార్వర్డ్ అనే నైట్ జరిగేది. గది దాదాపు చీకటి, సౌండ్ సిస్టమ్ మాత్రం అద్భుతం అని పేరు. రెండోది 2005లో మాలా, కోకి, లోఫా వాళ్లు బ్రిక్స్‌టన్‌లో మొదలుపెట్టిన డీఎంజెడ్. అది సెయింట్ మాథ్యూస్ చర్చి బిల్డింగ్‌లో ఉన్న మాస్ అనే క్లబ్‌లో జరిగేది. 2006 జనవరిలో మేరీ ఆన్ హాబ్స్ బీబీసీ రేడియో 1లో "డబ్‌స్టెప్ వార్జ్" అని ఒక షో చేశారు. అందులో ఈ కుర్రాళ్లని ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి వాయించారు. రెండు నెలలకి డీఎంజెడ్ మొదటి పుట్టినరోజుకి క్యూ ఎంత పెరిగిందంటే, కింద ఉన్న చిన్న గదిలోంచి పై పెద్ద హాల్‌లోకి మార్చాల్సి వచ్చింది.

బీ టూ బీకి ఇక్కడ ఒక మెలిక ఉంది. వీళ్లు వాయించే పాటల్లో చాలావరకు మార్కెట్లో దొరకవు. ఆ వారమే పూర్తి చేసిన ట్రాక్‌ని తీసుకెళ్లి డబ్‌ప్లేట్ కట్ చేయించేవాళ్లు. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ పూత, దాని మీద గాడి. ఉన్నది ఒకటో రెండో కాపీలు. ఫారెస్ట్ హిల్‌లో ట్రాన్సిషన్ అనే స్టూడియో ఈ పనికి ఫేమస్. ఆ పూత మెత్తన. వాయించిన కొద్దీ అరుగుతుంది, పై శబ్దాలు మొద్దుబారతాయి. ఒక్కోటి కట్ చేయించడానికి జేబులోంచి డబ్బు పెట్టాలి. కాబట్టి డబ్బు పెట్టేంత నమ్మకం ఉన్న ట్రాక్‌నే కట్ చేయించేవాళ్లు. నా ఉద్దేశంలో ఆ మ్యూజిక్‌కి అది మంచి ఫిల్టర్‌గా పనిచేసింది.

ఇప్పుడు ఆలోచించండి. పక్కన ఉన్నవాడు నిన్న రాత్రి పూర్తి చేసిన ట్రాక్ వేశాడు. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు. జనంతో పాటు నువ్వు కూడా ఇప్పుడే వింటున్నావు. దాంట్లోంచి బయటికి మిక్స్ చేయాల్సింది నువ్వే. బేస్ ఎక్కడ ఆగుతుందో, బ్రేక్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకే ఆధారం, ఆ మనిషి తెలుసు. వాడు ట్రాక్‌లు ఎలా కడతాడో, 16 బార్లకి మారుస్తాడో 32కి మారుస్తాడో తెలుసు. అందుకే ఏళ్ల తరబడి ఒకరి బెడ్‌రూమ్‌లో ఒకరు కూర్చుని ట్రాక్‌లు విన్న జంటలకి ఇది కుదిరేది. స్క్రీమ్, బెంగా జంట అలాంటిదే. 2010లో ఆర్ట్‌వర్క్‌తో కలిసి మ్యాగ్నెటిక్ మ్యాన్ పేరుతో ఆల్బమ్ కూడా తెచ్చారు.

సౌండ్ క్లాష్‌కీ దీనికీ తేడా కూడా ఇక్కడే. ఎవరి దగ్గరా లేని పాట అనే ఆయుధం రెండింట్లోనూ ఒక్కటే. కానీ క్లాష్‌లో ఎవరి బాక్సులు వాళ్లవి. ఇక్కడ బాక్సులు ఒక్కటే, ఓడించడానికి ఎదురుగా ఎవరూ లేరు.

రివైండ్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. డ్రాప్ పడగానే జనం అరుపులు, గోడల మీద చేతులతో బాదుడు. డీజే రికార్డుని వెనక్కి లాగి మళ్లీ మొదటి నుంచి వేస్తాడు. జమైకా నుంచి వచ్చిన అలవాటే. మన థియేటర్లో ఇష్టమైన పాట రాగానే "వన్స్ మోర్" అని గోల చేస్తాం కదా, దాదాపు అంతే. బీ టూ బీలో దీనికో మర్యాద ఉంది. వాడి పాటకి రివైండ్ వచ్చిందంటే, నీ పాట రెడీగా ఉన్నా ఆగాల్సిందే. రివైండ్ అయిన పాట మీదకి వెంటనే దూకితే, స్నేహితుడు జోకు చెప్పి జనం నవ్వుతుండగానే నీ జోకు మొదలెట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు పరిస్థితి మారింది. పెన్‌డ్రైవ్‌లో వేల పాటలు, సీడీజే స్క్రీన్ మీద వేవ్‌ఫామ్, టెంపో కలపడానికి సింక్ బటన్. బేస్ ఎక్కడ ఆగుతుందో కళ్లతోనే చూడొచ్చు. కొంతమంది పాతవాళ్లు సింక్ అంటే మోసం అంటారు. నేను ఒప్పుకోను. సింక్ తాళం కలుపుతుంది, అంతే. తర్వాత ఏ పాట వేయాలో, లాక్ ఎప్పుడు వదలాలో అది చెప్పదు. హెసల్ ఆడియో వాళ్లని చూడండి. 2007లో లీడ్స్‌లో బెన్ యూఎఫ్ఓ, పాంజియా, పియర్సన్ సౌండ్ ముగ్గురూ మొదలుపెట్టిన లేబుల్ అది. ముగ్గురూ కలిసి వాయిస్తారు. వాళ్లలో బెన్ యూఎఫ్ఓకి పేరొచ్చింది సొంత ట్రాక్‌లు చేసి కాదు, ఎంపిక వల్లే.

ప్లాస్టిక్ పీపుల్ 2015 జనవరిలో మూతపడింది. చివరి రాత్రి వాయించింది ఫోర్ టెట్, ఫ్లోటింగ్ పాయింట్స్, అది కూడా బీ టూ బీనే. డబ్‌స్టెప్ మాత్రమే కాదు, రకరకాలు వేశారు. ఎనిమిదేళ్లు గడిచాయి. 2023 ఫిబ్రవరిలో అదే ఫోర్ టెట్, స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగైన్‌తో కలిసి న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ముగ్గురూ కలిసి వాయించారు. చిన్న బేస్‌మెంట్‌లో కనిపించిన అలవాటు వేలమంది పట్టే హాల్ దాకా వెళ్లింది.

అయితే పాపులర్ అయ్యాక కల్తీ తప్పదు. ఇప్పుడు చాలా ఫెస్టివల్స్‌లో ఇద్దరు పెద్ద పేర్లని పక్కపక్కన పెడితే టికెట్లు పోతాయని బీ టూ బీ వేస్తున్నారు. వాళ్లు ఒకరినొకరు స్టేజ్ ఎక్కే ముందే కలుస్తారు. ఫలితం ఏమవుతుందంటే ఇద్దరూ తమ హిట్లు తెచ్చుకుని వంతులవారీగా వేసుకుంటారు. ప్రతి పాటా క్లైమాక్సే, ఊపిరి పీల్చుకునే చోటు ఉండదు. ప్రతి డైలాగ్ పంచ్ డైలాగే అయిన సినిమా చూసినట్టు. డబ్బులిచ్చి చూడాల్సిన సెట్లు కావవి.

మరి మంచిది ఏదో ఎలా తెలుస్తుంది? మొదట్లో అన్నాను కదా, ఫోన్ స్పీకర్‌లో వినబడదని. ఆ బుల్లి స్పీకర్ 40, 50 హెర్ట్జ్‌కి కావాల్సినంత గాలిని కదపలేదు. మామూలు పాటల్లో బేస్‌కి పైన హార్మోనిక్స్ ఉంటాయి, వాటిని విని మన మెదడే కింద నోట్‌ని ఊహించుకుంటుంది. డబ్‌స్టెప్ సబ్ చాలాసార్లు దాదాపు శుద్ధమైన సైన్ వేవ్. హార్మోనిక్స్ లేవు కాబట్టి ఊహించుకోవడానికీ ఏమీ ఉండదు. అందుకే క్లిప్‌లో డ్రాప్ పడినప్పుడు జనం గంతులేస్తుంటారు, మీకేమో డ్రమ్స్ తప్ప ఏమీ వినబడదు. పైగా తక్కువ ఫ్రీక్వెన్సీలకి మన చెవి సెన్సిటివిటీ కూడా తక్కువే.

కాబట్టి చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. రబ్బరు టిప్ సైజు సరిపోకపోతే బేస్ మొత్తం లీకైపోతుంది, మీ సైజు చూసుకోండి. వాల్యూమ్ సగం చాలు. ఎప్పుడైనా నిజమైన క్లబ్‌కి వెళ్తే ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. చెవుల్లో గుయ్ అనే శబ్దం ఒకసారి పర్మనెంట్‌గా పట్టుకుంటే మామూలుగా వదలదు. ప్లగ్ పెట్టుకున్నా బేస్ ఛాతీకి తగులుతూనే ఉంటుంది, దాని గురించి దిగులు పడక్కర్లేదు.

ఇప్పుడు ఏదైనా ఒక పాత డబ్‌స్టెప్ బీ టూ బీ సెట్ తీసుకుని పది నిమిషాలు వినండి. డ్రాప్‌లు పట్టించుకోకండి. బేస్ మాయమయ్యే ఆ ఒకటి రెండు బార్లు పట్టుకోండి. అది ఎవరి పాటలో ఆగింది, ఎవరి పాటలో తిరిగొచ్చింది, మధ్యలో ఎంత ఖాళీ వదిలారు, ఆ ఖాళీలో టేబుల్ వెనక ఎవరి చెయ్యి లో నాబ్ మీద ఉందో చూడండి.